కండక్టర్ ఐలయ్య గంట తాడు

తెర మీద ఎర్ర బస్సు కదిలింది. ముందు అద్దానికి నిమ్మకాయల దండ, కిటికీ ఊచకు ఎవరో తగిలించిన టిఫిను డబ్బా, వెనక సీట్లో తల బయట పెట్టిన మేకపిల్ల. డ్రైవరు వెనకాల నిలబడి, చంకలో టికెట్ల సంచీతో కండక్టర్ ఐలయ్య నవ్వుతున్నాడు. చూడవచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు.

తెరకు ఇవతల, హనుమకొండలోని ఒక పరిశోధనశాల మంచం మీద, అదే ఐలయ్య కదలకుండా పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అవి ఆయన మాట వినవు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఒంట్లో ఏ భాగమూ ఆయన మాట వినడం లేదు. చెవులు వింటాయనీ, ఎదుటి తెర కళ్ళకు కనబడుతుందనీ, నాలుకకు రుచి తెలుస్తుందనీ డాక్టర్లు పరీక్షలు చేసి చెప్పారు. అంతే మిగిలింది.

ఆయన ముంజేతికి ఒక పట్టీ ఉంది. మెదడులో పుట్టి, కండరం దాకా చేరలేక దారిలోనే ఆరిపోయే సన్నని తాకిడిని అది పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని ‘తోడు’కు పంపుతుంది. పిల్లల వీడియో ఆటలను నడిపించే ఇంజన్ లాంటిదే తోడు కూడా. కాకపోతే దాని ఆటలో బొమ్మను మీట నడిపించదు, మనిషి నరం నడిపిస్తుంది. తాకిడి స్పష్టంగా ఉంటే బొమ్మ దాని ప్రకారం చేస్తుంది. స్పష్టంగా లేని చోట, ఆ మనిషి అలవాటు చూసి ఇంజనే పూరిస్తుంది. పూరించకపోతే బొమ్మ కొయ్యలా నిలబడిపోతుంది.

ఆ ఇంజన్ కోడు రాసిన ముగ్గురు నలుగురిలో ఐలయ్య కూతురు సునంద ఒకతె. తండ్రి తెర మీద మొదటిసారి నవ్విన రోజు ఆమె గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చింది. ఏడాది కావస్తున్నా ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు పులకరిస్తూనే ఉంది.

పెద్దలు వెళ్ళిపోయాక డాక్టర్ ఫణీంద్ర మంచం దగ్గరికి వచ్చాడు. పరిశోధనశాలకు ఆయనే పెద్ద.

“ఐలయ్యగారూ, నిన్న అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. తలలో సన్నని తీగ పెడితే ఈ పట్టీ అవసరం ఉండదు. ఆ బస్సులో మీరు పూర్తిగా ఉంటారు. గాలి కూడా మొహానికి తగులుతుంది. కానీ ఇక్కడి మాటలు వినపడకపోవచ్చు. ఇక్కడి రుచులు తెలియకపోవచ్చు. ఒకసారి పెట్టాక తీయలేం. మీకు సమ్మతమేనా?”

తెర మీది ఐలయ్య చక్కగా నవ్వి తల ఊపాడు.

“మూడోసారి ఒప్పుకున్నారు,” అన్నాడు ఫణీంద్ర సునందతో. “ఇక మీ అమ్మగారి సంతకం ఒక్కటే.”

సునంద ఇల్లు చేరేసరికి తల్లి సారక్క గిన్నెకు సర్వపిండి అద్ది, వేలితో బొక్కలు పెడుతూ ఉంది. సంగతి విని తల ఎత్తలేదు.

“మీ నాయిన ఊపిండా?”

“ఊపిండమ్మా. మూడు దినాల సంది అడుగుతున్నరు. మూడుసార్లు ఊపిండు.”

“అందుకే నేను నమ్మ.”

“అదేందే?”

“మా లగ్గానికి ఒప్పుకునేందుకే ఆ మనిషి ఎండకాలమంతా సతాయించిండు. అన్నం పెట్టాల్నా అంటే కూరేందని అడుగుతడు, కూర చెప్తే మజ్జిగున్నదా అంటడు. గసొంటోడు ఇప్పుడు ఏదడిగినా ఊఁ అంటున్నడు. చాయ్ మంచిగున్నదా అంటే ఊఁ. మీ మేనత్త వచ్చిందంటే ఊఁ. రేపు ఎవడన్నా పోయి ఇల్లు రాసియ్యమంటే ఊఁ అంటడు.”

సునందకు నవ్వు వచ్చింది. సారక్క నవ్వలేదు.

“మంచోడైండని నేనూ మురిసిన బిడ్డా. అబద్ధమెందుకు. ఇన్నేండ్లకు నా మాట వింటున్నడని మురిసిన. కానీ ఇది చాయ్ ముచ్చట కాదు. రేపటి సంది నా గొంతు వినపడదంటున్నరు. దానికి ఊఁ అన్నది మా ఆయిననా, మీ యంత్రమా?”

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదు.

“సంతకం నాది గదా,” అంది సారక్క, గిన్నె పొయ్యి మీద పెడుతూ. “ఆ యంత్రం లోపల ఏం జరుగుతున్నదో తెలుగుల రాయించు. మందు సీసాలు చదువుకుంటున్న నేను. అదీ చదువుకుంట. చదివినంక పెడత.”

భర్త పడిపోయాక, ఏ మందు ఎప్పుడో తెలియాలని వాడకట్టు బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె.

మరునాడు సునంద ఇంజన్ సోర్స్ కోడ్ తెరిచింది. ఏ ఇంజనైనా తను చేసే పనులను తనలో తాను గొణుక్కుంటూ ఉంటుంది. ఆ గొణుగుడును వరస తప్పకుండా రాసిపెట్టే దాన్ని లాగ్ ఫైలు అంటారు. తోడుకూ ఒకటి ఉంది. కానీ అందులో బస్సు చక్రం తిరిగినా ఒక వరస, చెట్టు నీడ పడినా ఒక వరస, మేకపిల్ల చెవి కదిపినా ఒక వరస. ఆ రద్దీలో ఐలయ్య మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా ఎక్కడో ఉన్నాడు. వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అందుకని ఆమె తండ్రి కోసం వేరే ఫైలు పెట్టాలనుకుంది. నీడలూ చక్రాలూ దానిలోకి రాకూడదు. చుట్టూ ఏం జరిగింది, తండ్రి చేతి నుంచి ఏం వచ్చింది, బొమ్మ ఏం చేసింది, ఇవే రావాలి. తెలుగులో రావాలి. ఇంజన్‌కు తెలుగు అక్షరాలు కొత్త. మొదట ఫైలు నిండా చదరపు డబ్బాలు రాసి పెట్టింది. ఆ ముడి విప్పడానికే ఒక పూట పట్టింది. ఫైలుకు పేరేం పెట్టాలో తోచక ‘నాయిన’ అని పెట్టింది.

పరిశోధనశాలకు వచ్చిన సారక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, తెర మీద వేలు ఆనించి చదివింది.

“చాయ్ బాగుందా అని అడి... అడిగారు. జవాబు, అవును. కిటికీ మూ... మూయాలా అని అడిగారు. జవాబు, అవును. ఆపరేషన్ సమ్మతమేనా అని అడిగారు. జవాబు, అవును.” వేలు తీసి కూతురి వైపు చూసింది. “ఇంత పొడుగు రాసింది గదా. ఒక్కసారన్నా వద్దనలేదా?”

“మీ అనుమానం తీరినట్టే కదమ్మా?” అన్నాడు ఫణీంద్ర మెల్లగా.

“రాసినదాన్ని నేను కాదంటలేను సారూ. కానీ ఇందుల మా ఆయిన లేడు.”

ఆ మాట సునందను పట్టుకుంది. ఫైలులో తండ్రి ఎందుకు లేడు? కోడు మళ్ళీ పైనుంచి కిందికి చదివింది. చదివి నాలుక కరుచుకుంది. పట్టీ నుంచి వచ్చే తాకిడులు నేరుగా బొమ్మ దగ్గరికి పోవు. మధ్యలో ఒక జల్లెడ ఉంది. అనవసరమైన అదురును అది ఏరి పారేస్తుంది. సునంద తన వరసలను ఆ జల్లెడకు కింద పెట్టింది. కింద రాలింది మాత్రమే ఫైలులోకి వచ్చింది. పైన ఆగిపోయినదాని జాడే లేదు.

ఆమె వరసలను కత్తిరించి జల్లెడకు పైన అతికించింది. ఏది వచ్చింది, జల్లెడ దాన్ని లెక్కలో ఉంచుకుందా, పనికిరాదని వదిలేసిందా, చివరకు బొమ్మ చేసిందేమిటి, మూడూ పక్కపక్కన పడేట్టు మార్చింది. ఫణీంద్ర అభ్యంతరం చెప్పలేదు. పైగా తనే వచ్చి, ఐలయ్యను ఆపరేషన్ మాట మరోసారి అడిగాడు. బొమ్మ మరోసారి నవ్వి తల ఊపింది.

ఈసారి ఫైలు వేరే రకంగా వచ్చింది. వరస తరవాత వరసలో ఒకటే మాట: ఒక్క తాకిడి, వదిలేసింది, అలవాటు ప్రకారం తల ఊపింది.

బస్సు లోకాన్ని గీసిన ఇర్ఫాన్ ఆమె భుజం మీదుగా చూశాడు. “ఒంటి తాకిడి అంటే నరం అదురే అక్కా. నిద్రపోయేటోళ్ళకు గూడ వస్తది. జోడుగ వస్తేనే మనిషి కావాలని చేసినట్టని మనమందరం కూసొని అనుకున్నదే గదా. నువ్వే గదా టైపు చేసింది.”

అవును, తనే. అప్పుడు అది ఎంతో తెలివైన నియమం అనిపించింది. ఆ నియమం పెట్టాకే బొమ్మ వణకడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ ఫైలు మళ్ళీ చూసింది. జోడు తాకిడులు అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. మిగిలినదంతా అదురూ, ఇంజన్ పూరింపూ. అంటే ఇన్నాళ్ళూ తను తండ్రి అనుకున్నదానిలో తండ్రి పిడికెడు కూడా లేడు.

దాచకుండా తల్లికి అదే చెప్పింది. సారక్క భర్త చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

“సరే, చదివి చూస్త,” అంది.

తెర మీద బస్సు నడుస్తూ ఉంది. సారక్క ఫైలును ముందు నుంచి మొదలుపెట్టింది. కూడబలుక్కుంటూ, ప్రతి మాటా పలుకుతూ చదువుతుంటే, సునంద కిటికీ దగ్గర నిలబడి వింటూ ఉంది.

“ఊరి స్టేజీ. ముసలమ్మ ఎక్కుతున్నది. ఒక్కటి. వదిలేసింది. బస్సు కదిలింది. ఒక్కటి. వదిలేసింది. ముసలమ్మ కడ్డీ పట్టుకున్నది. ఒక్కటి. వదిలేసింది. ముసలమ్మ కూర్చున్నది. రెండు. ఉంచుకుంది. తల ఊపింది.” సారక్క ఊపిరి పీల్చుకుంది. “ఇంకో స్టేజీ. బడి పిల్లలు ఎక్కుతున్నరు. ఒక్కటి. వదిలేసింది. బస్సు కదిలింది. ఒక్కటి...”

సునంద ఒక్కసారి ఇటు తిరిగింది. తెర మీద చదివినప్పుడు అవి వరసలు. తల్లి గొంతులో అవి చప్పుడయ్యాయి. ఆ చప్పుడు ఆమె ఎరిగినదే.

వేసవి సెలవుల్లో తండ్రి డ్యూటీకి తనూ వెళ్ళేది. ఇంజన్ మూత పక్కన చిన్న సీటు. బస్సు పైకప్పు పొడుగునా ఒక తాడు, తాడు చివర డ్రైవరు తల మీద గంట. ఒక్కసారి కొడితే ఆగాలి. రెండుసార్లు కొడితే పోవాలి. తండ్రి ఎవరికి టికెట్ కొడుతున్నా ఎడమ చెయ్యి ఆ తాడు మీదే ఉండేది. ముసలివాళ్ళు ఎక్కితే, వాళ్ళు కూర్చుని గంప కాళ్ళ దగ్గర పెట్టుకునేదాకా రెండో గంట పడేది కాదు.

“ఐలన్నా, గిట్ల ఒక్కొక్కలను కూసోబెట్టుకుంట పోతే మనం రేపు పోతం,” అని డ్రైవరు గొణిగేవాడు.

“రేపే పోదాం తియ్. పడ్డంక లేపుడుకన్న కూసున్నంక పోవుడు మంచిది.”

సునంద వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పట్టీ ఉన్నది ఎడమ ముంజేతికే.

“అమ్మా, నాయిన తాడు గుంజుతున్నడు,” అంది.

సారక్కకు విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె వేలు తెర మీద కిందికి, కిందికి పోయింది. డాక్టర్ ఆపరేషన్ మాట అడిగిన చోట ఆగింది. “ఒక్కటి. వదిలేసింది. అలవాటు ప్రకారం తల ఊపింది,” అని చదివింది. దాని కింద మళ్ళీ ఒక్కటి. దాని కింద మళ్ళీ. డాక్టర్ గది దాటి వెళ్ళాడు అన్న వరస దాకా, మధ్యమధ్య జాగా వదులుతూ, ఒక్కొక్కటే పడుతూ వచ్చింది.

ఏడాది పొడుగునా ఆయన ఆగమని కొడుతూనే ఉన్నాడు. బస్సు ఆగలేదు. పోనిమ్మన్న గంటలు మాత్రం జోడుగా ఉండబట్టి లోపలికి పోయాయి. వాటిని చూసి ఇంజన్, ఈయన అన్నిటికీ ఒప్పుకునే మనిషని నేర్చుకుంది. తమ బస్సు తమ మాట వినకుండా పోతుంటే ఇంకెవరైనా చెయ్యి దించేసేవాళ్ళు. ఆయన దించలేదు. ముసలమ్మ బొమ్మ అని తెలిసీ, ఆమె పడకూడదని కొట్టాడు.

ఫణీంద్ర ఆ ఫైలును చాలాసేపు చూశాడు. సునందను పాత గంట పద్ధతి గురించి అడిగి తెలుసుకున్నాడు.

“కాకతాళీయం కావచ్చు,” అన్నాడు. తనకే నచ్చనట్టు తల అడ్డంగా ఊపాడు. “కాకపోతే, ఒక మాట ముందే చెప్పాలి. నిజం తేల్చాలంటే జల్లెడ తీయాలి, పూరింపు ఆపాలి. ఆ రెండూ పోతే ఆయన నవ్వడు, నడవడు. మనం చూసి మురిసిందంతా పోతుంది. మీరు తట్టుకోగలరా?”

సునంద తన తల్లి వైపు చూసింది. ఆ నవ్వు తనకెంత ముఖ్యమో తల్లికి తెలుసు.

“నవ్వెవరిదో తెల్వకుంట ఎన్ని దినాలు చూస్తం బిడ్డా,” అంది సారక్క.

సునంద జల్లెడను తీసేసింది. పూరింపును ఆపింది. బస్సుకు పైకప్పు పొడుగునా ఇర్ఫాన్ ఒక తాడు గీశాడు. తాడు చివర ఇత్తడి గంట పెట్టాడు. పట్టీని నేరుగా తాడుకు కలిపారు.

తెర వెలిగింది. ఐలయ్య మొహంలో నవ్వు లేదు. చేతులు వేలాడుతున్నాయి. మంచం మీద మనిషి ఎలా ఉన్నాడో బస్సులో మనిషీ అలాగే ఉన్నాడు. సునంద తన నోటికొచ్చిన ‘తిరిగి పెట్టేద్దాం’ అనే మాటను మింగేసింది.

ఫణీంద్ర వంగాడు. “మీ పేరు ఐలయ్యేనా?”

తాడు కదిలింది. గంట రెండుసార్లు మోగింది.

“మీ పేరు ఫణీంద్రా?”

ఒక్కసారి మోగింది.

ఇర్ఫాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఫణీంద్ర సమ్మతి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

“ఐలయ్యగారూ, తలలో తీగ పెట్టే ఆపరేషన్‌కి మీకు సమ్మతమేనా?”

ఒక్క గంట.

“ఆలోచించుకోవడానికి గడువు కావాలా?”

ఒక్క గంట.

“అంటే, పూర్తిగా వద్దని...” ఆయన ప్రశ్న ముగించకముందే గంట టంగుమంది. ఆగి మళ్ళీ ఒకటి. ఆగి ఇంకొకటి.

“ఇగ అడుగకు సారూ,” అంది సారక్క. “ఎక్కువ మాట్లాడితే నడిమిట్ల దింపేస్తడు.”

ఫణీంద్ర చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఎవరో పెద్దమనిషి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు. “క్షమించండి ఐలయ్యగారూ. ఇన్నాళ్ళూ ఎంత బాగా చేశామో చూసుకున్నాం గానీ మీరేం చెబుతున్నారో వినలేదు,” అన్నాడు. తరవాత సునంద వైపు తిరిగాడు. పక్క గదుల్లో ఇంకొందరు ఉన్నారు. వాళ్ళ బొమ్మలూ నవ్వుతూనే ఉన్నాయి. “నీ ఫైలు అందరికీ పెట్టు. జల్లెడకు పైన. అది చదవకుండా ఎవరినీ ఏదీ అడగొద్దు.”

సారక్క ఫ్లాస్కు మూత తీసింది. రోజూ తెచ్చే చాయ్. రోజూ చెంచా కొసతో ఐలయ్య నాలుక మీద ఒక చుక్క వేసి, మంచిగున్నదా అని అడిగి, తెర మీద తల ఊపడం చూసి సంతోషపడేది. ఈవేళ కూడా చుక్క వేసింది.

“ఏమయ్యా, ఏడాది సంది ఇలాచి దంచి ఏస్తున్న. మంచిగున్నదా?”

తరవాత ఒక్క గంట మోగింది.

సారక్క చెంచా కింద పెట్టింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో సునందకు తెలియలేదు.

“చూసినవా,” అంది చివరికి, కొంగు తీయకుండానే. “గీయిన మా ఆయిన. ఏడాది సంది ఇలాచి మింగించిన, పాపం.” మొహం తుడుచుకుని మంచం మీదికి వంగింది. “రేపటి సంది ఉత్త చాయ్ తెస్త. సరేనా?”

రెండు గంటలు వెంటవెంటనే పడ్డాయి.

ఇర్ఫాన్ బస్సును ఊరి స్టేజీలో నిలబెట్టాడు. ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. మెట్టు ఎక్కింది. గంట ఒక్కసారి మోగింది. బస్సు ఆగే ఉంది. ఆమె కడ్డీ పట్టుకుని, సీట్ల మధ్య తడుముకుంటూ నడిచి, కిటికీ పక్కన కూర్చుంది. గంప దించి కాళ్ళ దగ్గర సర్దుకుంది. కండక్టర్ నవ్వలేదు, తల ఊపలేదు. ఆయన మొహం చూస్తే ఏమీ తెలియదు. గదిలో అందరూ తాడు వైపే చూస్తున్నారు.

గంట రెండుసార్లు మోగింది.

సారక్క ఫైలు మీద వేలు పెట్టింది. ఇంతకుముందు ‘అలవాటు ప్రకారం’ అనే మాట పడే చోట సునంద వేరే మాట పెట్టింది. సారక్క ఈసారి ఎక్కడా తడబడకుండా చదివింది.

“రెండు. ఐలయ్య పొమ్మన్నాడు. బస్సు కదిలింది.”